బొమ్మల చార్మినార్ ఉన్నది, బండోడేడి?

చార్మినార్ బొమ్మ లేని ఆఫీసు హైదరాబాద్‌ల దొరుకుడు కష్టం. హోటల్ గోడ మీద ఉంటది, క్యాలెండర్ మీద ఉంటది, సార్లకు సన్మానం చేసినప్పుడు ఇచ్చే మెమెంటో మీద ఉంటది. ఇప్పుడు కొత్తగ చేత్తోని గీసిన సిరా బొమ్మలకు గిరాకి పెరిగింది. నల్లసిరా, తెల్ల కాయితం, పాత బజారు. చూడనీకి మస్తుగుంటది. కానీ గా బొమ్మను ఎట్ల చదవాల్నో మనకు ఎవ్వరూ చెప్పలే. గది చెప్పెతందుకే ఇది రాస్తున్న.

ముందుగాల అసలుకు, నకలుకు తేడా తెల్వాలె. సిరా బొమ్మ గీసుడంటే పెన్సిల్ బొమ్మ లెక్క కాదు. పెన్సిల్ గీత తప్పు పోతే రబ్బరుతోని తుడుస్తరు. సిరా గీత పడ్డదంటే పడ్డట్టే. గందుకే శానామంది ముందు పెన్సిల్‌తోని పల్చగ గీసుకొని, దాని మీద పాళీ నడిపిస్తరు. నీడ కావాల్నంటే రంగు పుయ్యరు, సన్న గీతలు పక్కపక్కన గీస్తరు. ఇంకా చీకటి కావాల్నంటే వాటి మీద అడ్డంగ మళ్ల గీతలు గీస్తరు. పత్తర్‌గట్టి కమాను కింది నీడ అంత గట్లనే వస్తది.

భూతద్దం పెట్టి చూడుండ్రి. అచ్చేసిన నకలైతే గీతల సన్నసన్న చుక్కలు అగుపిస్తయి. అసలుదైతే గీత ఒక్కతీరుగ ఉండదు. పాళీ నొక్కిన కాడ లావు, లేపిన కాడ సన్నం. సిరా ఎక్కువ పడ్డ కాడ జర మెరుపుంటది. కొన్ని జాగల పాళీ కాయితాన్ని గీరిన గాటు కూడ దొరుకుతది. కింద పెన్సిల్‌తోని 12/50 అని రాసి ఉంటే అది యాభై ప్రతులల్ల పన్నెండోది అన్నట్టు, ఒకే ఒక్క అసలు బొమ్మ కాదు. నకలు కొనుడు తప్పేం గాదు. నకలును అసలు ధరకు అమ్ముడు తప్పు.

సిరాల కూడ రకాలున్నయి. మసితోని చేసిన నల్లసిరా వెలుగుకు తొందరగ మాయదు. రంగు కలిపిన మామూలు పెన్ను సిరా ఎండ తగిలితే వెలిసిపోతది. ఇనుము కలిసిన పాతకాలపు సిరా గోధుమరంగుకు తిరుగుతది, ఏండ్లు గడిస్తే కాయితాన్నే తింటది. గందుకే అసలు బొమ్మను ఎండ పడే గోడకు పెట్టొద్దు. మంచిగుంటదని లామినేషన్ చేయిస్తే మళ్ల ఊడదీయరాదు, బొమ్మ ఖరాబైతది.

ఇగ అసలు ముచ్చటకొస్త.

చార్మినార్ కట్టింది 1591ల. దానికి ఉత్తరం దిక్కు చార్‌కమాన్, నడుమ గుల్జార్ హౌజ్, పడమర దిక్కు లాడ్‌బజార్. పత్తర్‌గట్టి రాతికమాన్ల బజారు మాత్రం గంత పాతది కాదు. 1908 సెప్టెంబర్‌ల మూసీ వరద వచ్చి పట్నాన్ని ముంచింది. తర్వాత 1912ల సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టిండ్రు. తోవలు వెడల్పు చేసిండ్రు, కొత్త బజార్లు కట్టిండ్రు. పత్తర్‌గట్టి గా పనిలదే. అంటే ఇయ్యాల మనం 'పాత వీధి' అంటున్నది కూడ ఒకనాడు కొత్తదే. వీధి మారుతనే ఉంటది. గందుకే ఏనాడు ఎట్లున్నదో గీసిపెట్టుకోవాలె.

గదే కాలంల, 1912 నుంచి 1915 దాక, లెనార్డ్ మన్ అనే ఇంజినీరు ఆధ్వర్యంల పట్నం అంత సర్వే చేసి పటాలు గీసిండ్రు. ఇయ్యాల పాత హైదరాబాద్ మీద పనిచేసేటోళ్లు గా పటాలనే ముంగటేసుకుంటరు. కానీ పటంల ఇల్లుంటది, గల్లీ ఉంటది. ఇంటి ముంగట కూసొని పండ్లు అమ్మే అమ్మ ఉండది. ఆమెను చూపెట్టాల్సింది వీధి బొమ్మనే.

మరి చూపెడుతున్నయా? నేను చూసిన బొమ్మలల్ల సగానికి ఎక్కువ వాటిల్ల మీనార్లున్నయి, కమాన్లున్నయి, పావురాలున్నయి. తోపుడుబండి లేదు. కరెంటు వైర్లు లేవు. లక్క గాజులు చేసే కొలిమి లేదు. 2024ల హైదరాబాద్ లక్క గాజులకు జీఐ గుర్తింపు వచ్చింది, అందరం సంబురపడ్డం. గా గాజు చేసే చెయ్యి మాత్రం బొమ్మల లేదు. 'బొమ్మ నీటుగ ఉండాలె కదన్నా' అంటరు. నీటుగ అంటే గరీబోన్ని తీసేసుడా?

ఇది ఉత్త అందం పంచాయితి కాదు. 2014ల వీధి వ్యాపారుల చట్టం వచ్చింది. ముందు సర్వే చెయ్యాలె, సర్టిఫికెట్లు ఇయ్యాలె, గప్పటిదాక ఎవ్వల్ని లేపొద్దని అందుల ఉన్నది. దాని రెండో షెడ్యూల్‌ల ఇంకో మాట ఉన్నది: యాభై ఏండ్లకు మించి వీధి వ్యాపారులు అమ్ముకుంటున్న సహజ బజారును వారసత్వ బజారుగ ప్రకటించాలె, అక్కడోళ్లను వేరే జాగకు పంపొద్దు. జర సోచాయించుండ్రి. వారసత్వం అంటే రాయి ఒక్కటే కాదు, బండి కూడ అని చట్టమే చెప్తున్నది.

మరి యాభై ఏండ్ల నుంచి ఉన్నమని బండోడు ఎట్ల చూపెట్టాలె? దుకాణపోని కాడ కిరాయి కాయితం ఉంటది, కరెంటు బిల్లు ఉంటది. బండోని కాడ ఏముంటది? తాత కూడ గీడనే అమ్మిండు అనే నోటిమాట ఉంటది. గసుంటోనికి పాత ఫొటో, తారీఖు వేసిన వీధి బొమ్మ, పాత రసీదు, ఏది దొరికినా ఆసరానే. ఒక్క బొమ్మతోని కేసు గెలుస్తమని నేను అంటలేను. నలుగురి సాక్ష్యం పక్కన అది కూడ ఒక సాక్ష్యం అంటున్న.

బొమ్మలు గీసే తమ్ముళ్లకు, చెల్లెండ్లకు నేను అడిగేది కొంచెమే. బొమ్మ కింద తారీఖు వెయ్యుండ్రి. యే మూల నిలబడి గీసిండ్రో వెనుక రాయుండ్రి. బండి ఉంటే బండి గియ్యుండ్రి, దాని మీద ఏమున్నదో కూడ గియ్యుండ్రి. వైరు అడ్డమొస్తే వైరు కూడ గియ్యుండ్రి. మీరు ఫొటో చూసి ఇంట్ల గీస్తే గా ముచ్చట కూడ రాయుండ్రి. తీసేసింది ఏమన్న ఉంటే అది మీ ఇష్టం, కానీ వీధి గట్లనే ఉన్నదని అమ్మకుండ్రి.

కొనేటోళ్లు కూడ ఒక మాట అడుగుండ్రి: 'అన్నా, ఇందుల మనుషులేరి?' పది మంది అడిగితే పదకొండో బొమ్మల మనిషి వస్తడు. రేపు బజారు వెడల్పు చేస్తమని మిషిన్లు వచ్చిననాడు, రాళ్ల లెక్క తీసెతందుకు ఆఫీసర్లున్నరు. మనుషుల లెక్క మనమే రాసిపెట్టుకోవాలె.