పాత పులిజూదం కాయల రంగు గీకకండి

జుక్కల్‌లో ఒక పెద్దాయన ఏడేళ్ల మనవణ్ణి నా దగ్గరికి తీసుకొచ్చారు. తరచూ కడుపునొప్పి, ఒంట్లో రక్తం తక్కువ. నగరంలో చేయించిన రక్తపరీక్షలో సీసం బయటపడింది.

పెద్దాయనకు ఇప్పుడు దొరకని పాత వ్యూహపు ఆటలు సేకరించే సరదా. 3 పులులు, 15 మేకల పులిజూదం, చదరంగపు సేనలు. కొయ్య కాయల పాతరంగును గరుకు కాగితంతో రుద్దుతుంటే, మనవడు పక్కనే ఆడుకునేవాడట!

మన దేశంలో ఇళ్ల రంగుల్లో సీసం 90 పి.పి.ఎం. మించరాదన్న నిబంధన 2017 నవంబరులో గాని అమలు కాలేదు. అంతకుముందటి రంగును అనుమానించవలసిందే. ఆ దుమ్ము చేతులనుంచి నోట్లోకి పోతుంది. పిల్లల మెదడుకు ఇంతవరకు ఫరవాలేదన్న హద్దు లేదు.

సరదా మానమనను. మేకల పక్షాన ఆడి ఓడడం నాకూ అలవాటే. పొడిగా గీకకండి, తడిగుడ్డతో తుడిచి, సబ్బుతో చేతులు కడుక్కోండి. కాయలను పిల్లలకందని బీరువాలో ఉంచండి. మనవడితో ఆడటానికి సుద్దగీతలు, చింతగింజలు చాలు.