బెల్లపు పెనములో నీటి లెక్క

చెరకు పండించు రైతునకు పంట చేతికి వచ్చిన పిమ్మట గూడ నొక కష్టము మిగిలియే యుండును. అది పొయ్యి కష్టము. గానుగాడిన రసమును పెనములో బోసినది మొదలు బెల్లము దిగువరకు మంట ఎడతెగక యుండవలయును. చెరకు పిప్పి చాలినచో సరి. చాలనిచో కట్టెలు కొనవలయును. ఈ పొయ్యి యింత యేల తినుచున్నదని మన సభ్యులు తరచుగ ననుకొనుచుందురు. ఘన, ద్రవ, వాయు స్థితులను గూర్చి కొంచెము తెలిసికొనినచో ఇందులకు సమాధానము దొరకును.

మంచుగడ్డ ఘనము, నీరు ద్రవము, ఆవిరి వాయువు. మూడింటియందును పదార్థ మొక్కటియే. ఘనమునందు అణువులు తమ తావులు వీడవు. ద్రవమునందు ఒకదాని నొకటి యంటియే జారుచుండును. వాయువునందు బంధము వీడి దూర దూరముగ తిరుగును. ఆ బంధము విడిపించుటకు వేడిమి వ్యయము గావలయును. పెనముపై మనకు గనబడు తెల్లని పొగవంటిది నిజమైన ఆవిరి గాదు. చల్లగాలి తగిలి మరల సూక్ష్మ బిందువులైన నీరది. నిజమైన ఆవిరి కంటికి గానరాదు.

ఒక కిలో నీటిని ఒక డిగ్రీ సెంటీగ్రేడు వేడిచేయుటకు పట్టు వేడిమిని ఒక కిలో కేలరీ యందురు. 30 డిగ్రీల నీటిని 100 డిగ్రీలకు దెచ్చి మరగించుటకు కిలో ఒక్కింటికి 70 కిలో కేలరీలు చాలును. కాని మరుగుచున్న ఆ కిలో నీరు పూర్తిగ నావిరి యగుటకు మరి 540 కిలో కేలరీలు కావలయును. విచిత్రమేమన, ఇంత వేడిమి లోపలికి బోవుచున్నను నీటి వేడి 100 డిగ్రీలు దాటదు. ఉష్ణమాపకమునకు జిక్కని యీ వేడిమికే గుప్తోష్ణమని పేరు. దీనిని 1760 ప్రాంతమున స్కాట్లండు దేశపు శాస్త్రజ్ఞుడు జోసెఫ్ బ్లాక్ గుర్తించెను.

ఇప్పుడు మన పెనము లెక్క చూతము. 100 కిలోల రసమున సుమారు 80 కిలోల నీరు పోవలయునని యనుకొందము. రసమును కాచుటకు ఇంచుమించు 7,000 కిలో కేలరీలు పట్టును. 80 కిలోల నీటిని ఆవిరిచేయుటకు 43,200 పట్టును. అనగా కాచుటకైన దానికి ఆరు రెట్లు ఆవిరికే పోవుచున్నది. పొయ్యి తినుచున్నది ఇందులకే.

పెనములోని నీటిని పంపక తప్పదు. కాని పొయ్యిలోనికి మనమే నీరు వేయుచున్నామని యెందరు గుర్తించిరి? అప్పుడే గానుగనుండి వచ్చిన పిప్పిలో ఇంచుమించు సగము బరువు నీరే. తడిపిప్పిని మంటలో వేసినచో ముందుగ ఆ నీరు కాగి ఆవిరి కావలయును. అందులకు కిలోకు 70, 540 కలిసి 610 కిలో కేలరీలు పోవును. పెనములో మరుగుచున్న నీటిని కిలోకు పైగా ఆవిరిచేయగల వేడిమి పొగగొట్టమునుండి వృథాగ పోవుచున్నదన్నమాట. పొగయు హెచ్చు, మంటయు మందము.

నీరు మరిగిననే గాని ఆవిరి కాదని తలంపరాదు. ఏ వేడిలోనైనను పై భాగమునుండి నీరు ఇగురుచునే యుండును. ఎండ, గాలి, విశాలమైన పరపు ఉన్నచో త్వరగ నిగురును. కావున పిప్పిని కుప్పవేయక పలుచగ పరచి, తిరుగవేసి, బాగుగ నెండిన పిమ్మట వాడవలయును. పొయ్యి చేయవలసిన పనిని సూర్యుడు వెల లేక చేసిపెట్టును.

నీరు పోయి పాకము చిక్కబడినకొలది మరుగు వేడి 100 డిగ్రీలు దాటి పైకి బోవును. సాధారణముగ 116 మొదలు 120 డిగ్రీల నడుమ బెల్లము దించుదురు. చన్నీటిలో పాకపు చుక్క వేసి ఉండకట్టుట చూచు మన పెద్దల పద్ధతి మంచిదే. తగిన ఉష్ణమాపకము తోడైనచో మాడుట, జావగుట రెండును దప్పును. దించిన పాకమును కలియబెట్టి చల్లార్చగా పంచదార పలుకులు గట్టి ఘనమగును.

పెనమునుండి వెడలగొట్టిన నీరు వానకాలమున మరల రాజూచును. గాలిలోని ఆవిరిని బెల్లము పీల్చుకొనును. ఆ ఆవిరి ద్రవమై బెల్లమును తనలో కరిగించుకొనును. దిమ్మ చెమర్చి నీరు కారుటకు కారణము వేడి గాదు, తేమ. కావున బెల్లమును బాగుగ నారనిచ్చి, తడిగాలి చొరని చోట, నేలకు దగులకుండ దాచవలయును.

పిప్పి యారబెట్టుటకు తలకొక కళ్లము దొరకుట కష్టము. ఊరి సభ్యులు కలిసి యొక కళ్లమును, వానకు మరుగైన పాక నొకదానిని, ఒక మంచి ఉష్ణమాపకమును ఉమ్మడిగ నేర్పరచుకొనుట సులభము. అనకాపల్లిలో 1913లో స్థాపింపబడిన పరిశోధన కేంద్రమున చెరకుతో పాటు బెల్లపు తయారీని గూర్చియు పరిశోధనలు జరుగుచున్నవి. పొయ్యి మార్చదలచినవారు అచ్చటి సలహా పొందవచ్చును. ముందుగ మాత్రము రానున్న గానుగలో తడిపిప్పి పొయ్యికి జేరకుండ జూడుడని సభ్యులను గోరుచున్నాము. కట్టెలకు బోవు సొమ్ము కొంతయైనను ఇంట నిలుచును.