బీమా లేని బండి గుద్దితే



రాత్రి పాళీ ముగించుకుని, తెల్లవారుజామున సోలాపూర్ అశోక్ చౌక్ దగ్గర సైకిలు మీద ఇంటికి వస్తున్న మగ్గం కార్మికుణ్ణి ఒక కారు గుద్దిందనుకోండి. కాలు విరిగింది. కారాయన పారిపోలేదు. జనం కాస్త సర్దుకున్నాక పక్కకు వచ్చి, "అన్నా, బండికి ఇన్సూరెన్సు లేదు. కేసు పెట్టినా నీకేమీ రాదు. ఈ పదివేలు ఉంచుకో" అంటాడు. పక్కనున్న పెద్దమనుషులు కూడా "తీసుకో, కోర్టుల చుట్టూ ఎవరు తిరుగుతారు" అంటారు.

పదివేలు ఎన్నాళ్ళు వస్తుంది? విరిగిన కాలు అతుక్కోవడానికి నెలలు పడుతుంది. నేసినదానికే కూలి వచ్చే మనిషికి అన్నాళ్ళూ ఇంట్లో పొయ్యి వెలగడం కష్టం.

కారాయన మాటలో సగమే నిజం. బీమా లేకపోతే డబ్బు కట్టే కంపెనీ ఉండదు, అంతే. నష్టపరిహారం ఇవ్వవలసిన బాధ్యత బండి యజమాని మీద, నడిపినవాడి మీద అలాగే ఉంటుంది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 164వ సెక్షను ప్రకారం, తప్పు ఎవరిదో నిరూపించనక్కరలేకుండానే, ప్రాణం పోతే 5 లక్షలు, తీవ్ర గాయమైతే 2.5 లక్షలు ఇవ్వాలి. ఎముక విరగడం చట్టం దృష్టిలో తీవ్ర గాయమే. ఎదుటివాడి తప్పు నిరూపించి, పోయిన సంపాదన లెక్కగట్టి ఇంకా ఎక్కువ అడగడానికి 166వ సెక్షను ఉంది. ఈ రెంటిలో ఏది మేలో వకీలుతో మాట్లాడి తేల్చుకోండి. "బండి ఎప్పుడో అమ్మేశాను" అని యజమాని తప్పించుకోలేడు. రిజిస్ట్రేషను ఎవరి పేరున ఉంటే వారే బాధ్యులని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది.

మరి ఆ మనిషి దగ్గర డబ్బు రాబట్టేదెలా? ఇక్కడే చాలామంది మోసపోతారు. బీమా లేని చోట మీకున్న గట్టి హామీ ఆ బండే. అలాంటి బండిని యజమాని తగిన పూచీ ఇచ్చేదాకా విడిచిపెట్టకూడదు. మూడు నెలల్లో పూచీ ఇవ్వకపోతే వేలం వేసి, ఆ డబ్బును ట్రిబ్యునల్లో జమచేయాలి. ఈ పద్ధతిని అమలు చేయమని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరులో అన్ని రాష్ట్రాలకూ ఆదేశించింది. రోడ్డు మీదే రాజీపడి బండిని పంపించేస్తే ఆ హామీ దానితోపాటే పోతుంది. కాబట్టి బండి నంబరు రాసుకోండి, ఫోటో తీయండి, పోలీసులకు చెప్పి పంచనామా చేయించండి. ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొడితే బీమా ఉందో లేదో కనిపిస్తుంది. లేదని తేలితే, బండిని వదలవద్దని స్టేషనులో రాతపూర్వకంగా అడగండి. మన ఇళ్ళల్లో తెలుగు మాట్లాడతాం, స్టేషనులో కాగితం మరాఠీలో ఉంటుంది. చదివించుకుని వినకుండా సంతకం పెట్టకండి. ఎఫ్ఐఆర్ నకలు ఉచితం.

దవాఖానా ఖర్చుకని ఆయన డబ్బిస్తే తీసుకోవడం తప్పు కాదు. "ఇకమీద ఏమీ అడగను" అన్న స్టాంపు కాగితం మీద మాత్రం వేలిముద్ర వేయవద్దు. వైద్యానికి మరో దారి కూడా ఉంది. 2025 మే నెలలో వచ్చిన కేంద్ర పథకం కింద, రోడ్డు ప్రమాద బాధితునికి గుర్తింపు ఉన్న ఆసుపత్రిలో ఏడు రోజుల వరకు, లక్షన్నర దాకా నగదు కట్టకుండా చికిత్స దొరుకుతుంది. గుద్దిన బండికి బీమా లేకపోయినా ఇది వర్తిస్తుంది.

పెళ్ళికో జాతరకో తెలంగాణ వెళ్ళినప్పుడు హైదరాబాదు రోడ్డు మీద దెబ్బ తగిలినా దావా కోసం అక్కడికి తిరగనక్కరలేదు. మీరు నివసించే సోలాపూర్ ట్రిబ్యునల్లోనే వేయవచ్చు. ప్రమాదం జరిగిన ఆరు నెలల లోపు వేయాలని చట్టం. ఈ గడువు మీద వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. అయినా దాన్ని నమ్ముకుని ఆలస్యం చేయకండి. వకీలు ఫీజుకు భయపడేవారు జిల్లా న్యాయ సేవల ప్రాధికారాన్ని అడగండి. ఆడవారికి, వారి ఆదాయం ఎంతైనా సరే, ఉచిత న్యాయ సహాయం అందుతుంది. బీడీలు చుట్టే అక్కచెల్లెళ్ళు ఇది గుర్తుంచుకోవాలి. కార్ఖానా కార్మికులకూ ఆ చట్టంలో చోటుంది.

ట్రిబ్యునల్లో మన మగ్గం మనిషికి వచ్చే అసలు చిక్కు సంపాదన రుజువు. జీతం చీటీ ఉండదు. కనుక సేటు ఇచ్చే కూలి లెక్క పుస్తకం, బ్యాంకు పాసుబుక్కు, బీడీ కార్డు, పీఎఫ్ కాగితం, ఏవి ఉంటే అవి దాచుకోండి. మందుల బిల్లులు చిన్నవైనా పారేయవద్దు. తీర్పు వచ్చాక యజమాని కట్టకపోతే, కలెక్టరు ద్వారా భూమిశిస్తు బకాయి లాగా వసూలు చేయించవచ్చు. ఇందుకు సమయం పడుతుంది, ఆస్తి ఏమీ లేనివాడి దగ్గర రాబట్టడం నిజంగానే కష్టం. స్టేషనులో నిలిచిన ఆ బండి గురించి ఇంతసేపు చెప్పింది అందుకే.