బంగారు ఏనుగు ఉప్పల్ దారి మరచిందా?

(మా విలేకరి)

ఉప్పల్: నవంబరు 14 దగ్గర పడుతున్నదంటే ఒకప్పుడు ఉప్పల్, నాచారం, రామంతాపూర్ బడులలో పిల్లలకు నిద్ర పట్టేది కాదు. ఆటల పోటీలు, వ్యాసరచన, చాక్లెట్లు ఎలాగూ వుండేవి. పిల్లల ధ్యాసంతా వేరొకదాని మీద. రెండేళ్ళకోసారి ఆ రోజులలో హైదరాబాదులో అంతర్జాతీయ బాలల చలనచిత్రోత్సవం జరిగేది. దానికి గుర్తు బంగారు ఏనుగు, ఇచ్చే బహుమతి కూడా బంగారు ఏనుగే. అసలు పేరు నోరు తిరగని పిల్లలు ‘ఏనుగు సినిమాలు’ అనేవారు.

2017 నవంబరులో 20వ ఉత్సవం జరిగింది. ఆ తరువాత ఏనుగు ఈ నగరానికి రాలేదు. ఆ యేడు ఒకటో తరగతిలో పలక పట్టిన పిల్లలు ఇప్పుడు పదో తరగతి గుమ్మంలో వున్నారు. వారికి ఈ ఉత్సవం సంగతి చెబితే ఏదో పాతకాలపు జాతర కబురు విన్నట్టు వింటున్నారు.

ఈ విలేకరికి మాత్రం అది జాతర కబురు కాదు. 1999లో నేను ఆరో తరగతి. మాది ఉప్పల్ దాటి వరంగల్లు రోడ్డున పోతే వచ్చే పల్లె. బడి వారు బస్సు మాట్లాడి మమ్మల్ని నగరంలోని థియేటరుకు తీసుకుపోయారు. ఉప్పల్ చౌరస్తా దాటేలోగానే ముగ్గురు వాంతి చేసుకున్నారు. కట్టుకున్న పులిహోర పొట్లాలు పది గంటలకే ఖాళీ అయినాయి. ఆ రోజు చూసిన సినిమా ఏ దేశానిదో నేటికీ తెలియదు. మంచు, ఒక పిల్లవాడు, ఒక గుర్రం. తెర కింద నడిచే ఇంగ్లీషు అక్షరాలను కూడబలుక్కునే లోపల అవి మాయమయ్యేవి. మా లెక్కల సారు మొదట్లో కథ చెప్పబోయి, తానే తెర వైపు తిరిగి మాట మరచిపోయారు. గుర్రం మంచులో కూలబడినప్పుడు మా వరుసలో ఏడవని వాడు లేడు. మా వూళ్ళో ఎవరూ మంచు చూసి ఎరుగరు.

సినిమా అంటే అయిదు పాటలు, ఆరు ఫైట్లు అనుకునే మాకు, ఇలాంటివి కూడా తీస్తారని ఆనాడు తెలిసింది. ఈ ఎరుక కలిగించినది ఒక ప్రభుత్వ సంస్థ.

నెహ్రూ నాటి ఆలోచన

పిల్లలకు వేరే సినిమాలు వుండాలన్న తలంపుతో నెహ్రూ ప్రధానిగా వున్నప్పుడు, 1955లో కేంద్ర ప్రభుత్వం బాలల చలనచిత్ర సంస్థను నెలకొల్పింది. కేదార్ శర్మ తీసిన ‘జల్ దీప్’ సంస్థ తొలి చిత్రం. శ్యాం బెనెగల్ హబీబ్ తన్వీర్ నాటకాన్ని ‘చరణ్ దాస్ చోర్’గా తీసింది ఈ సంస్థకే. సంతోష్ శివన్ ‘హాలో’ కూడా ఇక్కడిదే. వీటిని ఏ పంపిణీదారుడూ ఎగబడి కొనడు. డబ్బు వచ్చే వ్యాపారం కాదు కనుకనే సర్కారు పూనుకోవలసి వచ్చింది.

1979 అంతర్జాతీయ బాలల సంవత్సరం. ఆ యేడు మొదలైన ఉత్సవం ఊరూరా తిరిగి 1995లో హైదరాబాదుకు వచ్చి ఇక్కడే స్థిరపడింది. ఉత్సవం లేని యేళ్ళలో కూడా జిల్లా యంత్రాంగం చొరవతో ఉదయం పూట థియేటర్లలో బాలల చిత్రాలు వేయడం కద్దు. బడి పిల్లలు వరుస కట్టి నడిచిపోయేవారు.

ఇంటింటికీ వచ్చిన సర్కారు సినిమా

పెద్దల విషయానికి వస్తే, సర్కారు సినిమా అనగానే పాతవారికి గుర్తు వచ్చేది న్యూస్ రీలు. 1948లో ఏర్పడిన ఫిలిమ్స్ డివిజన్ తీసిన వార్తాచిత్రాన్ని, డాక్యుమెంటరీని ప్రతి థియేటరులో అసలు సినిమాకు ముందు వేయడం అప్పట్లో తప్పనిసరిగా వుండేది. అందుకు థియేటరు యజమాని నికర వసూళ్ళలో నూటికి ఒక రూపాయి అద్దె కూడా కట్టవలసి వుండేది. చాలామంది ఆ పావుగంట బీడీ కాల్చుకోవడానికి బయట నిలబడేవారన్నది నిజమే. 1975–77 ఎమర్జెన్సీలో ఆ రీలు పాలకుల డప్పుగా మారిందన్నదీ నిజమే. అయినా భాక్రా నంగల్ డ్యాము, నాగాల నాట్యం, బెంగాలు వరదలు ఎందరో తెలుగు రైతులు చూసింది అందులోనే. దేశం ఎంత పెద్దదో వారికి కంటికి కనబడింది.

టికెట్టు కొనలేని పల్లెలకు ప్రచార శాఖ వ్యాను వచ్చేది. రెండు గుంజలకు తెల్లగుడ్డ కట్టి, పదహారు మిల్లీమీటర్ల ప్రొజెక్టరు పెట్టి ఉచితంగా వేసేవారు. గుడ్డకు ఇవతల చోటు లేనివారు అవతల కూర్చుని బొమ్మ తిరగబడినా చూసేవారని మా తాత చెప్పేవాడు.

1977 అక్టోబరు 23న హైదరాబాదు దూరదర్శన్ మొదలైంది. దాని స్టూడియో మన రామంతాపూర్ లోనే వుంది. 1980లలో ఆదివారం మధ్యాహ్నం బెంగాలీ, మలయాళ, కన్నడ అవార్డు చిత్రాలు వేసేవారు. భోజనాలు చేసి సత్యజిత్ రాయ్ సినిమా ముందు కునుకు తీసినవారు ఎందరో. కునుకు తీయనివారు కొందరు వున్నారు. వారి నుంచే రేపటి ప్రేక్షకులు పుట్టారు.

తీసేవారికీ ఈ దన్ను అవసరమైంది. 1960లో ఏర్పడిన ఫిలిం ఫైనాన్స్ కార్పొరేషన్ అప్పు ఇచ్చినందుననే మృణాల్ సేన్ 1969లో ‘భువన్ షోమ్’ తీయగలిగారు. ఆ మృణాల్ సేనే 1977లో ప్రేమ్ చంద్ ‘కఫన్’ కథను తెలుగులో ‘ఒక ఊరి కథ’గా తీసి జాతీయ బహుమతి తెచ్చిపెట్టారు. ఎక్కడో బొంబాయి ఆఫీసులో మంజూరైన అప్పు ఫలం చుట్టూ తిరిగి మన పల్లెకు చేరిందన్నమాట.

నాచారానికి సినిమా కొత్త కాదు. ఎన్.టి.రామారావు తమ కుమారుని పేరిట నెలకొల్పిన రామకృష్ణ స్టూడియో ఇక్కడే. అయితే స్టూడియో గోడ పక్కనే పుట్టి పెరిగిన పిల్లవాడికైనా టికెట్టు లేనిదే బొమ్మ లేదు. సొంత డబ్బు పెట్టినవాడిని తప్పు పట్టడానికి లేదు. అది సర్కారు చేయవలసిన పని.

నాలుగు శాఖలు ఒకటైనవి

2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం ఒక నిర్ణయం చేసింది. ఫిలిమ్స్ డివిజన్, చలనచిత్రోత్సవాల డైరెక్టరేటు, పూనాలోని జాతీయ ఫిలిం భాండాగారం, బాలల చలనచిత్ర సంస్థ – నాలుగింటినీ జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థలో కలపాలన్నది ఆ నిర్ణయం. 2022లో అది అమలయింది. ఒకే పని నాలుగు చోట్ల జరుగుతున్నదని, ఖర్చు కలిసి వస్తుందని కారణం చెప్పారు. అందులో కొంత సబబు వున్నది. కలిసిన తరువాత పాత ప్రింట్లను బాగు చేసే పని ఊపందుకున్నది. దానికి 363 కోట్ల రూపాయలు మంజూరు చేసినట్టు ప్రకటించారు. బాగుచేసిన మన ‘దేవదాసు’ను అక్కినేని శతజయంతి యేడు, 2024లో గోవా ఉత్సవంలో వేశారు. 1932 నాటి ‘భక్త ప్రహ్లాద’ ప్రింటు ఒక్కటీ మిగలలేదన్న సంగతి తలచుకుంటే ఈ పని విలువ తెలుస్తుంది.

గోవా ఉత్సవం సాగుతున్నది. ముంబాయి డాక్యుమెంటరీ ఉత్సవమూ సాగుతున్నది. పిల్లల ఉత్సవం మాత్రం ఆగిపోయింది. రాష్ట్ర ప్రభుత్వం 2025 జూన్ లో గద్దర్ పేరిట సినిమా పురస్కారాలు ఇచ్చింది, సంతోషమే. బహుమతి తీసినవారికి అందుతుంది. చూడవలసిన పిల్లలకు చూపేదెవరు?

సెల్ ఫోనులో అన్నీ వున్నాయి కదా అని కొందరు అంటున్నారు. ఫోను పిల్లవాడికి నచ్చినదే మళ్ళీ మళ్ళీ చూపుతుంది. మంచులో కూలిన గుర్రాన్ని అడగనిదే అది చూపదు, అలాంటిది వున్నదని తెలియని పిల్లవాడు అడగనూ అడగడు. పైగా నాచారం, ఉప్పల్ పారిశ్రామికవాడల పక్కనున్న సర్కారు బడులలో ఇతర రాష్ట్రాల నుంచి పనికి వచ్చినవారి పిల్లలూ చదువుతున్నారు. ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష. అందరినీ ఒక్క తెర ముందు కూర్చోబెడితే మాట రాకపోయినా బొమ్మ అర్థమవుతుంది. 1999లో మాకు అయినట్టే.

విచిత్రమేమంటే 2017లో ఆఖరు ఉత్సవం ముగిసిన పక్షం రోజులకే ఉప్పల్ కు మెట్రో రైలు వచ్చింది. వాంతులు లేకుండా అరగంటలో అమీర్ పేట చేరే వీలు కలిగే సరికి చేరవలసిన పండుగ లేదు.

అంత దూరం పోనక్కర కూడా లేదు. 2019లో ఉప్పల్ భగాయత్ లో మినీ శిల్పారామం తెరిచారు. అందులో మెట్ల మెట్లుగా కూర్చునే ఆరుబయలు రంగస్థలం వున్నది. శని, ఆదివారాలలో కూచిపూడి ప్రదర్శనలు జరుగుతున్నాయి. పాత సంస్థ తీసిన రెండు వందల యాభై దాకా సినిమాలు ఇప్పుడు జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థ చేతిలో వున్నాయి. నవంబరులో చీకటి త్వరగా పడుతుంది. కావలసింది ఒక తెర, ఒక ప్రొజెక్టరు, జిల్లా విద్యాశాఖ నుంచి ముంబాయికి ఒక ఉత్తరం.