వార్తల్లో పదం: పట్టణ సముదాయం

2027 జనగణన నేపథ్యంలో ఈ పదం తెలుసుకోవాలి. పురపాలక హద్దు దాటి ఊరు ఎడతెగకుండా విస్తరిస్తే, శివారు కాలనీలనూ కలిపి లెక్కించే ఆ ప్రాంతమంతా పట్టణ సముదాయం. అందులో చట్టబద్ధ పట్టణం ఒకటైనా ఉండాలి, మొత్తం జనాభా 20 వేలకు తగ్గకూడదు.

ఊళ్లు ఇలా కలిసిపోవడానికి ఫిలిప్పీన్స్‌లోని మెట్రో మనీలా పెద్ద ఉదాహరణ. 16 నగరాలు, పటేరోస్ అనే ఒక మునిసిపాలిటీ కలిసిన ఆ ప్రాంతంలో 2020 లెక్కల ప్రకారం సుమారు 1.35 కోట్ల మంది ఉన్నారు. అందులో మనీలా నగరం వాటా 18 లక్షలే!

ఇక మన నంద్యాలను చూద్దాం. 2011లో నంద్యాల మునిసిపాలిటీ జనాభా 2 లక్షలు. 2022 ఏప్రిల్ 4న అది జిల్లా కేంద్రమైంది. ఆళ్లగడ్డ అదే జిల్లాలోని పట్టణమే, కానీ మధ్యలో పల్లెలు, పొలాలు ఉన్నందున రెండూ ఒకే సముదాయం కావు. ఈ లెక్క ఎందుకంటే, పట్టణంలో కలిసిపోయిన శివారును పల్లెగానే లెక్కిస్తే నీళ్లకు, డ్రైనేజీకి ప్రణాళిక చాలదు. కాలనీవాసులారా, గణకులు వచ్చినప్పుడు వివరాలు తప్పక చెప్పండి.