గ్రావెల్ రహదారులపై అంతర్జాతీయ కారు ర్యాలీ: సన్నాహాలకు మూలం రహదారి మూసివేత
(ప్రత్యేక వ్యాసం)

ప్రపంచ ర్యాలీ చాంపియన్‌షిప్ పోటీల పట్టికలో 2025వ సంవత్సరంలో రెండు కొత్త దేశాలకు స్థానం లభించింది. ఆగస్టు 28 నుంచి 31 వరకు దక్షిణ అమెరికాలోని పరాగ్వేలోను, నవంబరు 26 నుంచి 29 వరకు సౌదీ అరేబియాలోని జెడ్డా పరిసరాలలోను ఈ పోటీలు మొట్టమొదటిసారిగా జరిగాయి. రెండింటినీ తారు వేయని గ్రావెల్ రహదారులపైనే నిర్వహించారు. పరాగ్వేలో ఫ్రాన్స్‌కు చెందిన సెబాస్టియన్ ఒజియే, సౌదీ అరేబియాలో బెల్జియంకు చెందిన థియరీ న్యూవిల్ విజేతలుగా నిలిచారు. ప్రసార మాధ్యమాలలో ప్రముఖంగా కనిపించినవి ఈ పేర్లే. అయితే ఒక దేశంలో ఇటువంటి పోటీ తొలిసారి జరిగేటప్పుడు అసలు పరీక్ష డ్రైవర్లకన్నా ముందు స్థానిక పాలనా యంత్రాంగానికే ఎదురవుతుంది. ప్రజలు నిత్యం రాకపోకలు సాగించే దారిని కొన్ని గంటలపాటు వారి నుంచి తీసుకుని, ఎవరికీ ప్రాణహాని లేకుండా తిరిగి అప్పగించడమే ఆ పరీక్ష.

ర్యాలీ అనగానే ప్లకార్డులతో వీధుల వెంట సాగే ప్రదర్శన స్ఫురించడం మన ప్రాంతంలో సహజం. కారు ర్యాలీ స్వరూపం వేరు. రేసులో వలె కార్లన్నీ ఒకేసారి బయలుదేరి ఒకదానితో ఒకటి పోటీపడవు. కొన్ని నిమిషాల వ్యవధితో ఒక్కొక్క కారు బయలుదేరి నిర్ణీత దూరాన్ని ఎంత తక్కువ కాలంలో పూర్తి చేసిందో లెక్కిస్తారు. ఇలా కాలాన్ని లెక్కించే భాగాన్ని స్పెషల్ స్టేజి అంటారు. ఈ స్టేజిలలో ఇతర వాహనాలకు, పాదచారులకు, పశువులకు పూర్తిగా ప్రవేశం నిషేధం. ఒక స్టేజి నుంచి మరొక స్టేజికి వెళ్లే దారిలో మాత్రం పోటీ కార్లు కూడా సాధారణ వాహనాల మధ్యనే, ట్రాఫిక్ నిబంధనలకు లోబడి ప్రయాణించాలి. అక్కడ సిగ్నల్ దాటితే ప్రపంచ విజేతకైనా జరిమానా తప్పదు. ప్రతి కారులో డ్రైవరుతోపాటు మలుపులు, ఎత్తుపల్లాల వివరాలను ముందుగానే చదివి వినిపించే సహ డ్రైవరు ఉంటారు.

గ్రావెల్ ఎందుకు కఠినం?

గ్రావెల్ రోడ్డు అన్న మాట పంచాయతీరాజ్ ఇంజనీర్లకు సుపరిచితమే. నేల మీద గ్రావెల్ పరచి, నీరు చల్లి, రోలరుతో దిమ్మిస చేసిన దారి అది. ఎద్దుల బండికి, ట్రాక్టరుకు, ఆర్టీసీ బస్సుకు సరిపోయే ఈ దారిపై 1.6 లీటర్ల టర్బో ఇంజిను గల ర్యాలీ కారు పరుగు తీసినప్పుడు పరిస్థితి మారిపోతుంది. పైపొరలోని వదులు రాళ్లు చక్రాల కింద గోళీల వలె దొర్లుతాయి. బ్రేకు వేసినప్పటికీ కారు ఆగడానికి తారు రోడ్డు మీద కన్నా ఎక్కువ దూరం పడుతుంది. ముందు వెళ్లిన కార్లు ఈ వదులు పొరను ఊడ్చివేయడంతో వెనుక వచ్చే వారికి గట్టి నేల దొరుకుతుంది. చాంపియన్‌షిప్‌లో అగ్రస్థానంలో ఉన్న డ్రైవరు తొలిరోజు అందరికన్నా ముందు బయలుదేరాలన్నది నియమం. ఆ ప్రకారం పొడి వాతావరణంలో ఊడ్చే పని ఆయనకే దక్కుతుంది. ఆధిక్యానికి చెల్లించే మూల్యంగా క్రీడాకారులు దీనిని భావిస్తారు.

అదే స్టేజిని మధ్యాహ్నం రెండవసారి నడిపేటప్పటికి దారి రూపమే మారుతుంది. చక్రాలు పోయిన చోట్ల గాడులు ఏర్పడి, అడుగున ఉన్న పెద్ద రాళ్లు పైకి తేలుతాయి. టైర్లు పగిలేది ఎక్కువగా ఇక్కడే. సౌదీ అరేబియాలో రాతి నేల కారణంగా పలువురు ప్రముఖ డ్రైవర్లు టైర్లు పగిలి వెనుకబడ్డారు. పరాగ్వేలో సమస్య నీటి రూపంలో వచ్చింది. అక్కడి ఎర్రమట్టి పొడిగా ఉన్నంతసేపు చక్రానికి మంచి పట్టునిస్తుంది. పోటీ ముగింపు దశలో కురిసిన వర్షంతో అదే మట్టి సబ్బు పూసినట్లు జారుడుగా మారింది. తొలకరిలో చెరువు కట్ట మీద మోటారు సైకిలు నడిపినవారికి ఈ స్థితిని విడమరచి చెప్పవలసిన అవసరం ఉండదు.

అందువల్ల ఎంపిక చేసిన దారిపై ఇంజనీర్లు చేయవలసిన పని పోటీకి చాలా ముందే మొదలవుతుంది. గ్రేడరుతో దారిని సరిచేయడం, వాన నీరు పక్కలకు జారేలా మధ్య ఎత్తును నిలబెట్టడం, పక్క కాలువలలో పూడిక తీయడం, కల్వర్టుల పటిష్ఠతను పరిశీలించడం వీటిలో ముఖ్యమైనవి. సరాసరి వేగం మితిమీరే తిన్నని భాగాలలో గడ్డిమోపులు, టైర్లు అడ్డుగా పేర్చి కారు వంకరగా వెళ్లక తప్పని ఏర్పాటు చేస్తారు. దారి బాగుంటే వేగం పెరుగుతుంది, వేగం పెరిగితే ప్రమాదమూ పెరుగుతుంది. కనుక రోడ్డును మరీ నునుపుగా తీర్చిదిద్దడం కూడా ఇక్కడ సరియైన పద్ధతి కాదు.

కొత్త వేదిక ఎదుర్కొనే చిక్కులు

పరాగ్వే ర్యాలీకి దేశ దక్షిణ భాగంలోని ఇటాపువా ప్రాంతంలో, పరానా నది ఒడ్డున ఉన్న ఎన్‌కార్నాసియోన్ నగరం కేంద్రంగా నిలిచింది. నదికి ఆవలి గట్టు అర్జెంటీనాలోని పోసదాస్ నగరం. రెండింటినీ ఒక వంతెన కలుపుతుంది. అర్జెంటీనా ప్రజలకు ర్యాలీ అంటే ఎంత అభిమానమో తెలిసినవారికి, ఆ వంతెన మీది రద్దీ కూడా సన్నాహాలలో భాగమేనని వెంటనే అర్థమవుతుంది. సమీపంలోని ట్రినిదాద్, జెసూస్‌లలో యునెస్కో 1993లో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించిన జెసూయిట్ మత ప్రచారకుల నివాసాల శిథిలాలు ఉన్నాయి. పరిసరాలలో యెర్బా మాతే తోటలు, పొలాలు విస్తరించి ఉన్నాయి. పైగా పరాగ్వేకు సముద్ర తీరం లేదు. ఓడలలో వచ్చే కార్లు, విడిభాగాలు, వర్క్‌షాపు సామగ్రి మరొక దేశపు నేలనో, నదీ మార్గాన్నో దాటి రావలసిందే. ఆ తరువాత రెండు వారాలకే, సెప్టెంబరు 11న, చిలీలో మరొక ర్యాలీ ప్రారంభమైంది. 1971 నుంచి ట్రాన్స్ చాకో ర్యాలీ నిర్వహిస్తున్న దేశం కావడం వలన స్థానికంగా అనుభవజ్ఞులైన నిర్వాహకులు, ప్రేక్షకులు ఉండడం పరాగ్వేకు కలిసివచ్చిన అంశం.

అంతర్జాతీయ ఆటోమొబైల్ సమాఖ్య, అనగా ఎఫ్ఐఏ, కొత్త వేదికలను పరిశీలించి చూసిన తరువాతనే అనుమతిస్తుంది. కెన్యాలోని సఫారీ ర్యాలీ దీనికి మంచి ఉదాహరణ. 2002 తరువాత ప్రపంచ చాంపియన్‌షిప్‌కు దూరమైన ఆ ర్యాలీని 2019లో ముందుగా పరిశీలన కోసం నిర్వహించారు. 2020లో కోవిడ్ కారణంగా రద్దయి, చివరకు 2021 జూన్‌లో నైవాషా కేంద్రంగా తిరిగి ప్రపంచ స్థాయిలో జరిగింది. ఈ రెండు సఫారీల మధ్య ప్రధానమైన తేడా ఒకటి ఉంది. పాత సఫారీ సాధారణ ప్రజల రాకపోకలను ఆపకుండా, తెరిచి ఉన్న రోడ్లపైనే జరిగేది. ఎదురుగా లారీ వస్తున్నదో, పశువుల మంద వస్తున్నదో చెప్పడానికి పోటీ కార్లకు పైన హెలికాప్టర్లు ఎగిరేవి. 2021 నాటి సఫారీ పూర్తిగా మూసివేసిన దారులపైనే జరిగింది.

కొత్త ర్యాలీలో డ్రైవర్లందరికీ దారి కొత్తదే. పోటీకి ముందు సాధారణ కార్లలో, పరిమిత వేగంతో, ప్రతి స్టేజిని రెండేసి సార్లు చూసి సంకేత భాషలో వివరాలు రాసుకునేందుకు వారికి అవకాశం ఇస్తారు. ఆ రోజులలో దారి మూసి ఉండదు. కనుక పోటీ మొదలు కాకపోయినా గ్రామస్తులకు, పాఠశాలలకు సమాచారం చేరవలసిన సమయం ఇదే. పలు చోట్ల ఈ విషయం చివరి నిమిషంలో గుర్తుకు రావడం కద్దు.

ప్రాణాలకు సంబంధించిన అంశం

ప్రేక్షకుల భద్రత గురించి ర్యాలీ క్రీడ నేర్చుకున్న పాఠాలు ఖరీదైనవి. 1986 మార్చిలో పోర్చుగల్ ర్యాలీలో ఒక కారు అదుపు తప్పి దారి పక్కన కిక్కిరిసిన జనంలోకి దూసుకుపోగా ముగ్గురు ప్రేక్షకులు మరణించారు, 30 మందికి పైగా గాయపడ్డారు. కార్ల కంపెనీల జట్లు ఆ పోటీ నుంచి వైదొలగాయి. మే నెలలో కోర్సికాలో మరొక ప్రమాదంలో డ్రైవరు, సహ డ్రైవరు ఇద్దరూ మృతి చెందారు. ఆ ఏడాది ముగియడంతోనే గ్రూప్ బి తరగతికి చెందిన అత్యంత శక్తిమంతమైన కార్లను ప్రపంచ చాంపియన్‌షిప్ నుంచి తొలగించారు.

మన దేశంలో 2019 సెప్టెంబరులో రాజస్థాన్‌లోని బాడ్‌మేర్ జిల్లాలో జాతీయ స్థాయి ర్యాలీ జరుగుతుండగా, పోటీకి మూసివేసిన దారిలోకి ఒక మోటారు సైకిలు వచ్చింది. పోటీ కారు దానిని ఢీకొనడంతో ఒకే కుటుంబానికి చెందిన ముగ్గురు ప్రాణాలు కోల్పోయారు. స్టేజి పొడవునా ఉండే డొంకలు, పొలం గట్లు, ఇళ్ల వాకిళ్లు అన్నీ రోడ్డు మీదకు దారులే. మ్యాపులో కనిపించే కూడళ్లను మూసివేసినంత మాత్రాన దారి మూసినట్లు కాదు. ఆ మ్యాపును వీఆర్వో, గ్రామ సేవకుడు, స్థానిక ఎస్సై కలిసి కాలినడకన సరిచూడడానికి ప్రత్యామ్నాయం లేదు.

పోటీ రోజున అనుసరించే క్రమం ఇలా ఉంటుంది. తొలి పోటీ కారుకు ఎంతో ముందుగా దారి మూసివేస్తారు. అనంతరం భద్రతాధికారుల వాహనాలు వరుసగా స్టేజి పొడవునా వెళ్లి ఏర్పాట్లను పరిశీలిస్తాయి. చివరగా మూడు సున్నాలు, రెండు సున్నాలు, ఒక సున్నా అంకెలు వేసిన కార్లు ఒకదాని తరువాత ఒకటి వెళతాయి. ఇవి చూసి దారి నిరపాయమని తెలిపితేనే పోటీ మొదలవుతుంది. స్టేజి ప్రారంభంలో వైద్యుడు, అంబులెన్సు, అగ్నిమాపక సిబ్బంది సిద్ధంగా ఉంటారు. పొడవైన స్టేజిలలో మధ్యలోను ఇదే ఏర్పాటు ఉంటుంది. కొన్ని కిలోమీటర్లకు ఒకటి చొప్పున రేడియో కేంద్రాలు ప్రతి కారు తమను దాటిందీ లేనిదీ నమోదు చేస్తాయి. ప్రమాదానికి గురైన కారులోని వారు క్షేమంగా ఉంటే ఓకే అన్న పలకను, వైద్యం అవసరమైతే ఎస్ఓఎస్ అన్న ఎర్ర పలకను వెనుక వచ్చే వారికి చూపాలి. ప్రేక్షకులు ప్రమాదకర స్థలాలకు చేరితే స్టేజిని రద్దు చేసే అధికారం నిర్వాహకులకు ఉంది. ఈ అధికారాన్ని వాడడానికి వెనుకాడిన చోటనే ప్రమాదాలకు తావు ఏర్పడుతుంది.

మలుపునకు బయటి వైపు, దారి కన్నా పల్లంగా ఉన్న చోటు, కారు గాలిలోకి లేచి దిగే చోటు ప్రేక్షకులకు నిషిద్ధం. ఈ నియమం పాత్రికేయులకు, ఫొటోగ్రాఫర్లకు కూడా వర్తిస్తుంది. మంచి ఛాయాచిత్రం దొరికే చోటు సాధారణంగా మలుపు బయటి వైపే కావడం వలన ఈ హెచ్చరిక అవసరమవుతున్నది. మీడియా జాకెట్ ప్రవేశానికి గుర్తు మాత్రమే, రక్షణ కవచం కాదు.

చట్టం ఏమి చెబుతున్నది?

భారతదేశంలో ప్రపంచ ర్యాలీ చాంపియన్‌షిప్ పోటీ ఇంతవరకు జరగలేదు. ఆసియా పసిఫిక్ స్థాయి ర్యాలీలు మాత్రం దక్షిణాది రాష్ట్రాలలో జరిగాయి. ఏ స్థాయి పోటీకైనా మోటారు వాహనాల చట్టం, 1988లోని 189వ సెక్షన్ వర్తిస్తుంది. రాష్ట్ర ప్రభుత్వపు లిఖితపూర్వక సమ్మతి లేకుండా బహిరంగ ప్రదేశంలో మోటారు వాహనాల పందెం గాని, వేగ పరీక్ష గాని నిర్వహించడం ఈ సెక్షన్ కింద నేరం. నోటిమాటగా ఇచ్చిన హామీకి విలువ లేదు. ప్రజా భద్రత దృష్ట్యా ఒక రహదారిపై వాహనాలను నియంత్రించే అధికారం 115వ సెక్షన్ ద్వారా సంక్రమిస్తుంది. నియంత్రణ నెల రోజులకు మించకపోతే గెజిట్ ప్రకటన అవసరం లేదు. పరిస్థితులను బట్టి స్థానికంగా తగిన ప్రచారం కల్పించాలి.

ఈ స్థానిక ప్రచారం అన్న రెండు మాటల మీదనే క్షేత్రస్థాయిలో అంతా ఆధారపడి ఉంటుంది. పత్రికలో ప్రకటన వేసినంత మాత్రాన తెల్లవారుజామున పాల కేంద్రానికి క్యానుతో బయలుదేరే రైతుకు విషయం తెలియదు. గ్రామంలో దండోరా వేయించడం, పంచాయతీ కార్యాలయంలో నోటీసు అంటించడం, స్టేజి వెంబడి ఉన్న ప్రతి ఇంటికి వెళ్లి మూసివేసే, తెరిచే వేళలను చెప్పడం అవసరం. నెలలు నిండిన గర్భిణులు, డయాలిసిస్ చేయించుకునే రోగులు ఉన్న ఇళ్లను ఆశా కార్యకర్తల ద్వారా ముందుగా గుర్తించి ప్రత్యామ్నాయ మార్గం గాని, అంబులెన్సు గాని సమకూర్చాలి. అత్యవసర పరిస్థితి ఏర్పడితే స్టేజిని ఆపి దారి ఇవ్వవలసి ఉంటుంది. ఆ నిర్ణయాన్ని ఎవరు, ఏ ఫోను ద్వారా తీసుకుంటారో ముందే రాతపూర్వకంగా ఉండాలి. పెళ్లి ముహూర్తాలు, సంత రోజులు, బస్సు వేళలు చూడకుండా తేదీలు ఖరారు చేసిన పోటీకి ఊరి సహకారం ఆశించడం కష్టం.

పోటీ ముగిసిన తరువాత దారిని పూర్వస్థితికి తేవడం నిర్వాహకుల బాధ్యతగా ఒప్పందంలో పొందుపరచాలి. ఇందుకోసం పోటీకి ముందు, తరువాత ఇంజనీరు, సర్పంచి సమక్షంలో దారి పొడవునా ఛాయాచిత్రాలు తీయించి కొలతలు నమోదు చేయించాలి. మలుపుల లోపలి అంచులు, కల్వర్టుల దగ్గర దిగుళ్లు ఎక్కువగా దెబ్బతినే చోట్లు. మరమ్మతుకు వచ్చే గ్రేడరు, రోలరు స్టేజి ముగిసిన మరుసటి ఉదయానికే అందుబాటులో ఉండేలా, మొదటి బస్సు వేళను దృష్టిలో ఉంచుకుని ఏర్పాటు చేయాలి.