టెండరుకు తగిన ఋతువు

భద్రాచలమువద్ద గోదావరి మట్టము 43 అడుగులకు చేరగనే మొదటి ప్రమాద హెచ్చరిక ఇత్తురు. 1986 ఆగస్టులో అది 75.6 అడుగులకు పెరిగినది. కిన్నెరసాని, తాలిపేరు వంటి ఉపనదులు పొంగినచో అడవి దారులును మునుగును. ఇట్టి సీమలో వంతెన కట్టుటకు టెండరు ఎప్పుడు పిలువవలెను?

ఆర్థిక సంవత్సరము ఏప్రిల్ 1న మొదలగును. నైరుతి ఋతుపవనము జూన్‌లో వచ్చును. నిధులు మంజూరై, అంచనాలు వేసి, ఒడంబడిక వ్రాయుసరికి వానలు పట్టును. తడిసిన నల్లరేగడి రోలరుకు గట్టిపడదు. తడి కంకరకు తారు అంటదు. వాగులో పునాది త్రవ్వుట కష్టము. పోనీ, వానలు వెలిసిన పిదప టెండరు పిలిచినచో మంచి నెలలు కాగితములకే పోవును. మార్చి 31 సమీపించగా తొందర పెరిగి పని నాణ్యము తగ్గును.

కావున వానాకాలమునే కాగితముల కాలముగా చేసికొనవలెను. అటవీ భూమి కావలసినచో, 1980 నాటి అటవీ సంరక్షణ చట్టము ననుసరించి కేంద్రప్రభుత్వ అనుమతి ముందుగనే పొందవలెను. సెప్టెంబరునాటికి టెండరు ముగిసినచో నవంబరులో పునాది త్రవ్వి, మే లోపల స్తంభములను వరద మట్టమునకు పైకి లేపవచ్చును.

ఈ లెక్క తప్పినచో నష్టము ధనమొక్కటియే కాదు. వాగు కావలి గూడెమువారు మరియొక వానాకాలము ఆసుపత్రికి, బడికి దూరమగుదురు.